ఎవరి తాలూకు

కిందటి వారం మహేశ్వరిని కడప మైదానం గేటు బయట, చేతిలో మజ్జిగ సీసాతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా రోడ్డు పక్కన ఆగిన టెంపోలోంచి వాళ్ల ఊరి మగవాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. పెద్దన్న మెడలో తప్పెట వేలాడుతోంది. మిగిలినవాళ్ల మెడల్లో ఈలలున్నాయి. అందరికంటే వెనక, మూతికి తువ్వాలు బిగించి కట్టుకుని దిగినవాడు ఆమె మొగుడు సోమన్న.

ఆ మూతికట్టు సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఓర్వకల్లు దగ్గరి పల్లెలో సోమన్న ఒకప్పుడు బండలాగుడు ఎద్దులను మేపినవాడు. పెద్ద రాతిబండకు జతను కట్టి వదిలితే, ఎవరి జత ఎంత దూరం ఈడ్చుకుపోతే వాళ్లది గెలుపు. ఆ పోటీలో యజమాని ఒక పక్కన కూర్చుని చూడడు. ఎద్దుల వెంట పరుగెత్తాలి, అరవాలి, చెర్నకోల విదిలించాలి. చుట్టూ ఉన్న సొంత ఊరివాళ్లు ఈలలు వేసి, కేకలు పెట్టి జతను ముందుకు తోయాలి. ఎంత అరిస్తే బండ అంత దూరం కదులుతుందని వాళ్ల నమ్మకం. అక్కడ దాన్ని ఎవరూ అల్లరి అనుకోరు, అది పని. భూమి ఫ్యాక్టరీల స్థలంలో కలిసిపోయింది. మేత లేక, బండ లాగే సత్తువ తగ్గి ఎద్దులూ పోయాయి. సోమన్న దగ్గర ఆ విద్య ఒక్కటే మిగిలింది. పదమూడేళ్ల కొడుకు వీరభద్ర ఫుట్‌బాల్ ఆడతాడనీ, బడిలో వాడిని పరుగులో పట్టుకునేవాడు లేడనీ తెలిసిన రోజున ఆ విద్యనంతా తెచ్చి వాడి మీద పెట్టాడు.

కర్నూలులో ఆడిన ప్రతి ఆటలోనూ సున్నపు గీత పొడుగునా కొడుకు పక్కన పరుగెత్తాడు. బంతి పోతే తిట్టాడు, గోల్ పడితే ఇంకో గోల్ ఎందుకు వేయలేదని తిట్టాడు, రెఫరీని తిట్టాడు, రెఫరీని కన్నవాళ్లను తిట్టాడు. భద్ర ఆటకు ముందు తిన్నదంతా కక్కుకోవడం మొదలుపెట్టాడు. చివరికి పీఈటీ సారు బాలస్వామి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, సోమన్నను పక్కకు పిలిచి, "ఇంకొక్క తూరి గ్రౌండులో నీ గొంతు ఇనపడిందంటే నీ కొడుకు నా టీములో ఉండడప్పా" అన్నాడు. ఆ మాట పట్టుకుని మహేశ్వరి మొగుణ్ణి మహానందికి లాక్కుపోయింది. కోనేట్లో ముంచి లేపి, తడిబట్టలతో, కొడుకు తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. గ్రౌండు లోపల నోరు తెరవనని, తెరిస్తే ఈ బిడ్డ మీద ఒట్టని. వేరే దేని మీద వేయించినా అతను వారం తిరక్కుండా మరిచిపోతాడని ఆమె భయం. కొడుకు తల మీదైతే నిలబెట్టుకుంటాడని ఆమె ధైర్యం.

ఈరోజు కడప జట్టుతో ఆట. రెండు ఉమ్మడి జిల్లాల జట్లలోంచీ చెరొక పిల్లవాణ్ణి క్రీడల హాస్టల్ బడికి తీసుకుంటారు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. కర్నూలు వైపు నుంచి భద్ర పేరే అందరి నోటా ఉంది. వాడికి ఆ బడి ఎంత కావాలో మహేశ్వరికి ఒక్కదానికే తెలుసు. బస్సులో ఆమె భుజం మీద తలపెట్టి, నిద్రపోతున్నాడనుకున్న పిల్లవాడు, కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఆ ఇస్కూల్లో గేటు లోపలికి ఇంటోళ్లను రానీరంట మా. మనంతట మనమే ఆడుకోవచ్చంట."

ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఇప్పుడు ఎదురుగా తప్పెట.

"ఏందయ్యా ఇది?" అంది.

గేటుకు ఇవతలే ఉన్నారు కాబట్టి సోమన్న తువ్వాలు కిందికి లాగాడు. ముఖం వెలిగిపోతోంది. ఎంతో తెలివైన పని చేసి, మెచ్చుకుంటారని చూసే పిల్లల ముఖంలా ఉంది.

"ఏమైంది ఇప్పుడు? ఒట్టేసినా, నోరు తెరవను. గేటు దాటినంక ఒక్క మాట వచ్చిందంటే అడుగు."

"ఈళ్లందరూ ఎందుకొచ్చినారు?"

"పెద్దన్నోళ్లు ఏసినారా ఒట్టు? వాళ్లు అరుస్తారు. నేను సైగ చేస్తా అంతే."

"పిల్లోడు బెదురుతాండాడయ్యా. అరుపులు వద్దనే కదా ఒట్టేయించింది."

"నా అరుపు వద్దన్నారు. వద్దనుకున్నా." సోమన్నకు నిజంగానే అర్థం కాలేదు. "ఊరోళ్లు లేకుండా ఎద్దునైనా దింపుతామా మే? ఎగస్పార్టీ వాళ్లు ఎంతమంది ఉండారో చూడు. మనోడు ఒంటిగా అయిపోడా? ఒంటిగా అయితే వానికి అదురు పుట్టదా?"

పాపం, అతనిలో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది. దాన్ని తీసుకుని ఏం చేసుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అదే గొడవ. మహేశ్వరి ఇంకేదో అనబోయేలోపే అతను తువ్వాలు పైకి లాక్కుని, గేటు గడప తొక్కి లోపలికి పోయాడు. అక్కడి నుంచి అతను మూగవాడు.

ఆట మొదలయ్యే ముందు మైకులో చెప్పారు. పోయిన ఏడాది ఇదే మైదానంలో పెద్దవాళ్లు కుర్చీలతో కొట్టుకున్నారు కాబట్టి ఈసారి కొత్త నియమం పెట్టారు. ఏ పిల్లవాడి తాలూకువాళ్లు గీత దాటి లోపలికి వస్తే, ఆ పిల్లవాడు ఆట నుంచి బయటికి, ఎంపిక నుంచి కూడా బయటికి. తెలుగులో రెండుసార్లు చెప్పారు. వినాల్సినవాళ్లెవరూ వినలేదు. షామియానా కింద కూర్చున్న ఎంపిక కమిటీ వాళ్లకు నీళ్లు అందిస్తున్నారు, ఎండ అప్పటికే మాడు మీదికి వచ్చింది.

గీతకు ఇటు కర్నూలు పిల్లల తల్లిదండ్రులు, అటు కడప వాళ్లు. పిల్లలు ఆడుతుంటే చూసి సంతోషించడానికి వచ్చిన మనిషి ఆ రెండు వరసల్లోనూ ఒక్కరు కనపడలేదు. మన గోల్‌కీపర్ తల్లి బంతి ఇంకా అవతలి సగంలో ఉండగానే, "నిద్రపోతాండావా ల్యా, కాళ్లు పడిపోయినాయా?" అని మొదలుపెట్టింది. కడప వరసలో అందరికంటే ముందు నిలబడ్డవాడు నాగరాజ్. మంగంపేట గనుల దగ్గర లారీలు తిప్పేవాడు. తెల్లచొక్కా వేసుకుని, గీత మీద బూటు కాలు ఆనించి నిలబడ్డాడు. అతని కొడుకు మంజునాథ్ కడప డిఫెండర్. భద్ర కంటే జానెడు పొడుగు, రెండింతలు లావు, ముఖం మాత్రం పాలుగారే పసివాడిది. భద్ర కాలికి బంతి దొరికినప్పుడల్లా నాగరాజ్ ఒకటే మాట. "బంతిని ఇడ్సిపెట్టు మంజూ. కాలు సూసుకో. కాలు." మంజునాథ్ ఒకసారి తండ్రి వైపు, ఒకసారి బంతి వైపు చూసి, రెండింటికీ మధ్య ఎటూ కాకుండా పరుగెత్తేవాడు.

రెఫరీ మహిమ. నంద్యాల వైపు ఏదో బడిలో ఆటల టీచరు. చిన్న మనిషి, గట్టి గొంతు. నాగరాజ్‌ను గీత వెనక్కు జరగమని చేత్తో చూపించింది. అతను ఒక అడుగు జరిగి, ఆమె వెనుదిరగగానే మళ్లీ ముందుకొచ్చాడు.

సోమన్న చెయ్యి గాల్లోకి లేపాడు. పెద్దన్న తప్పెట మీద దెబ్బ పడింది. ఈలలన్నీ ఒక్కసారి లేచాయి.

"హేయ్, కర్రెన్నా. అద్దీ, కర్రెన్నా. పట్టు పట్టు పట్టు."

కర్రెన్న అన్నది సోమన్న జతలోని నల్ల ఎద్దు పేరు. భద్ర కూడా నల్లగా ఉంటాడని, ఎద్దు పోయిన తర్వాత సోమన్న ముద్దుగా వాడిని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఊరంతా అదే పేరుతో గ్రౌండంతా మోగేలా అదిలిస్తోంది. సోమన్న గీత వెంట పరుగెత్తుతున్నాడు, నోరు మాత్రం కట్టే ఉంది. కుడి చేత్తో గాలిని చరుస్తున్నాడు, ఆ చేతిలో చెర్నకోల లేదన్న మాటే గానీ విదిలింపు అదే. అతను చెయ్యి ఎత్తితే కేకలు లేస్తున్నాయి, దించితే తగ్గుతున్నాయి. ఒక్క మాట లేదు. ఒట్టు పొల్లు పోలేదు.

ఇక వాళ్లను చూసి కడప వరస ఊరుకుంటుందా. అటునుంచి ఇంకా పెద్ద అరుపులు. పిల్లలు పిలుచుకుంటే పిల్లలకు వినపడడం లేదు. బాలస్వామి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఏదో చెబుతున్నాడు, ఆయన మాట ఆయనకే చేరలేదు. భద్రకు బంతి మూడుసార్లు మంచి చోట దొరికింది. మూడుసార్లూ వాడు బంతి వైపు చూడకుండా తప్పెట వైపు చూశాడు. మూడోసారి ఖాళీ గోల్ ముందు నుంచి బయటికి తన్నాడు. వాడు అలా తన్నడం మహేశ్వరి ఎప్పుడూ చూడలేదు. షామియానా కింద ఒకాయన పక్కాయనతో ఏదో అని తల అడ్డంగా ఊపాడు.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు భద్ర తల్లి దగ్గరికి వచ్చాడు. మజ్జిగ సీసా తీసుకుని, మూత తిప్పి, తాగకుండానే పక్కకు పోయి వంగాడు. ఏమీ రాలేదు. కడుపులో ఏముంటే వస్తుంది. మహేశ్వరి వీపు నిమిరింది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది.

"నాయనకు సెప్పు మా. నాకు బంతి కనపడ్తాలేదు."

"సెప్తా బంగారు. ఈ మజ్జిగ తాగు."

"కర్రెన్న కర్రెన్న అంటాండారు." వాడు సీసా మూత పెట్టి ఆమె చేతికిచ్చాడు. "బాగా లాగినన్నాళ్లు దాన్ని కర్రెన్నా అన్నారు. లాగలేదని యాడికి తోలినారో నాకు తెల్సు మా. లారీ ఎక్కిచ్చేటప్పుడు నేను సూసినా."

నిన్ను అలా చేయం నాయనా అని చెప్పాలనుకుంది, అలా అనుకున్నావా అని అడగాలనుకుంది మహేశ్వరి. ఆమె వాడిని వదిలి, సున్నపు గీత వెంట నడిచి, మొగుడి ఎదురుగా నిలబడింది.

"వాళ్లను పంపిచ్చయ్యా. పిల్లోడు సచ్చిపోతాండాడు లోపల్లోపల."

సోమన్న రెండు అరచేతులూ చూపించాడు. నేనేం చేశాను అన్నట్టు.

"తప్పెట ఆపమను సాలు. ఒక్క గంట. నీకు దండం పెడ్తా."

అతను తువ్వాలును వేలితో తట్టి చూపించాడు. ఒట్టు మీద ఉన్నాను, మాట్లాడకూడదు అన్నట్టు. ఆ కళ్లలో కొంచెం గర్వం కూడా ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మహేశ్వరికి ఎదురు మాట్లాడని మొగుడు దొరికాడు, దానివల్ల ఆమెకు దమ్మిడీ లాభం లేదు. అతనితో కొట్లాడదామన్నా రెండోవైపు మాట లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. అందరూ చూస్తున్నారని ఆపుకుని, తన చోటికి తిరిగి వచ్చి నిలబడింది.

రెండో సగం మొదలైన కాసేపటికే జరగాల్సింది జరిగింది. భద్ర ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని దూసుకొచ్చాడు. మంజునాథ్ ఎదురొచ్చాడు. "కాలు, కాలు" అని నాగరాజ్ గొంతు. మంజునాథ్ కాలు అడ్డం పెట్టాడు, భద్ర బోర్లా పడి మట్టిలో జారాడు. మోకాలు గీరుకుపోయింది. పెద్ద దెబ్బేం కాదు, వాడు లేస్తున్నాడు కూడా. కానీ అప్పటికే సోమన్న గీత దాటేశాడు. మూతికున్న తువ్వాలు లాగి, రెండు మడతలు వేసి, పరుగెత్తుతూనే మంజునాథ్ వీపు మీద ఒకటి, పిక్కల మీద ఒకటి విదిలించాడు. మొండికేసిన ఎద్దును అతను అలాగే కొట్టేవాడు. పిల్లవాడు నొప్పి తెలిసేకంటే ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత, తన కంటే పొట్టివాళ్లందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మహిమ ఈల మోగింది. తప్పెట ఆగింది. గేటు దగ్గరున్న కానిస్టేబుల్ లాఠీ పట్టుకుని పరుగెత్తి రావడం చూసి, పెద్దన్న తప్పెటను వీపు వెనక్కు తిప్పుకున్నాడు. మరుక్షణంలో ఊరిజనంలో ఒక్కరూ అక్కడ లేరు. అందరూ టెంపో ఎక్కి కూర్చున్నారు. అంతసేపు గొంతు చించుకున్న మగవాళ్లు ఇట్టే మాయమవడం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

నాగరాజ్ లోపలికి దూకబోతే బాలస్వామి నడుం పట్టుకుని ఆపాడు. "నా బిడ్డను కొడ్తాడా, ఎవడ్రా వీడు, ఎవని నాయన వీడు" అని నాగరాజ్ గింజుకుంటున్నాడు. తన బిడ్డ ఏడుస్తుంటే దగ్గరికి మాత్రం పోలేదు.

మహిమ అందరినీ దూరం జరిపి, సోమన్న ముందుకొచ్చింది.

"ఎవరయ్యా మీరు? ఏ పిల్లవాని తాలూకు?"

సోమన్న నోరు తెరవలేదు. తువ్వాలు చేతిలో ఉంది, పెదాలు బిగించి ఉన్నాయి.

"మైకులో చెప్పాం కదా. తాలూకువాళ్లు లోపలికొస్తే పిల్లవాడు బయటికి పోతాడని. చెప్పండి."

అతను తల వంచాడు. మైకులో చెప్పినప్పుడు వినని మాట ఇప్పుడు చెవిలో పడింది. మహేశ్వరి అది కళ్లారా చూసింది. అతని ముఖం పాలిపోయింది.

"ఎవరి తాలూకూ కాకపోతే, బయటివాడు వచ్చి పిల్లవాణ్ణి కొట్టినట్టు. కానిస్టేబుల్ మిమ్మల్ని స్టేషన్‌కు తీసుకుపోతాడు. రెండింట్లో ఏదో ఒకటి." మహిమ, మోకాలి మట్టి దులుపుకుంటున్న భద్ర వైపు తిరిగింది. ఈ మనిషి ఎవరి కోసం గీత వెంట పరుగెత్తాడో ఆమె చూసింది. కానీ చూసినంత మాత్రాన ఒక పిల్లవాడి బతుకు తేల్చేయడం ఆమెకు ఇష్టం లేదు. "బాబూ, నువ్వు చెప్పు. ఈయన నీకేమవుతాడు?"

భద్ర తండ్రి వైపు చూడలేదు. తన బూట్ల వైపు చూశాడు.

"తెల్దు మేడం."

"నిజం చెప్పు నాయనా."

"ఎవరో మేడం. నాకు తెల్దు."

గొంతు వణకలేదు. అందుకే మహేశ్వరికి భయం వేసింది. భయపడి అబద్ధమాడే పిల్లవాడి గొంతు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. వాడు ఆ మాట చాలాకాలంగా లోపల దాచుకుని ఉన్నాడు, ఈరోజు అడిగేవాళ్లు దొరికారు.

"అమ్మా, మీరు?" మహిమ ఆమె దగ్గరికొచ్చింది. "మీరు ఈ అబ్బాయి తల్లి కదా. ఈయన మీ ఆయనేనా?"

ఇప్పుడు మొగుడూ కొడుకూ ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. అవునంటే కొడుకు ఈ పూటే బట్టలు మార్చుకుని ఓర్వకల్లు బస్సు ఎక్కాలి. ఎక్కి, అదే గీత పక్కన, అదే తండ్రి ముందు, వాడి కాళ్లు పనిచేసినన్నాళ్లు పరుగెత్తాలి. కాదంటే, తాళి కట్టిన మనిషిని ఊరుగాని ఊళ్లో పోలీసుల చేతికి తనే అప్పగించినట్టు. ఇలాంటి ప్రశ్నకు ఏ సమాధానమూ మంచిది కాదని ఆమెకు తెలుసు. మజ్జిగ సీసాను రెండు చేతులతో పట్టుకుంది.

"మావోడు కాదు మేడం," అంది. "మేం బస్సులో ఒంటిగా వచ్చినాం, నేనూ నా కొడుకూ."

సోమన్న ఆమెను చూసిన చూపు గురించి నేను ఎక్కువ రాయలేను. కోపం ఉంటే బాగుండేది. కోపం అతనికి అలవాటే, ఆమెకూ అలవాటే. అతను ఏదో అడగబోయే పిల్లవాడిలా ఆమెను చూశాడు, అడగడానికి నోరు లేదు.

మహిమకు నమ్మకం కుదరలేదు. ఆ పిల్లవాడి నుదురు, ఈ మనిషి నుదురు ఒకటే అచ్చు. ఆమె బాలస్వామి వైపు తిరిగింది. "సార్, మీ టీము పిల్లలు, మీకు తెలియకుండా ఉండదు. మీరొక్క మాట చెప్పండి. ఈయన వాడి తండ్రి అవునా, కాదా?"

బాలస్వామి టోపీ తీశాడు. అబద్ధం ఆడని మనిషని ఆయనకు పేరు. ఊళ్లో చర్చికి పెద్ద. ఆదివారం ఆట పెట్టారని, పొద్దున ప్రార్థన పోయిందని బస్సులో దారి పొడుగునా బాధపడ్డాడు. ఆయన భద్రను చూశాడు. భద్ర మొదటిసారి తల ఎత్తి ఆయనను చూశాడు. ఆయన టోపీని ఛాతీకి ఆనించుకున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఆ సారును అడగొద్దండి మేడం."

అందరూ తిరిగి చూశారు. మాట్లాడింది సోమన్న.

"ఈ పిల్లోడు నాకేం కాడు. ఈయమ్మ ఎవరో, పిల్లోడు ఎవరో. నేను దోవన పోతా ఆట సూస్తామని వచ్చినా. కోపమొచ్చి కొట్టినా. నన్ను తోల్కపోండి."

గ్రౌండు లోపల, ఈరోజు అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాటలు అవి. కొడుకు తల మీద చెయ్యి పెట్టి తెరవనన్న నోరు, ఆ కొడుకు నాకేం కాడని చెప్పడానికి తెరిచాడు. ఒట్టు తప్పానని అతనికి తెలుసు. మహేశ్వరికి తెలుసు. ఇద్దరూ ఒక్కసారే భద్ర తల వైపు చూశారు, చూసి ఇద్దరూ చూపు తిప్పుకున్నారు. కానిస్టేబుల్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను విదిలించుకోలేదు, గేటు వైపు ముందే నడిచాడు.

జీపు వచ్చేదాకా బయట ఉండమని కానిస్టేబుల్ అతన్ని గేటు అవతల గోడ నీడలో కూర్చోబెట్టాడు. లోపల ఆట మళ్లీ మొదలైంది.

అప్పుడు భద్ర ఆడాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు అప్పుడే వాడు ఆడాడు. తప్పెట లేదు, ఈలలు లేవు. జరిగినదానికి సిగ్గుపడి కొంతసేపు రెండు వరసలూ గమ్మున ఉన్నాయి. బంతి కాలికి తగిలిన చప్పుడు వినపడింది. పిల్లలు ఒకరి పేర్లు ఒకరు పిలుచుకుంటుంటే వినపడింది. భద్ర ఇద్దరిని దాటి, మూడోవాడిని దాటి గోల్ వేశాడు. వేసి, ఎవరి వైపూ చూడకుండా, తనలో తను నవ్వుకున్నాడు. షామియానా కింద కమిటీ వాళ్లు ముందుకు వంగి కూర్చున్నారు. వీడు ఇంత హాయిగా ఆడగలడా అనుకుంది మహేశ్వరి. ఇన్నాళ్లూ వీడిని మనం చూడనేలేదా అనుకుంది. ఆమె కళ్లు నిండాయి. సంతోషం అనడానికి లేదు, గేటు అవతల ఒక మనిషి ఉన్నాడు.

ఆ నిశ్శబ్దాన్ని ఎక్కువసేపు ఓర్చుకోవడం పెద్దవాళ్ల వల్ల కాలేదు. గోల్ పడగానే రెండు వరసల్లోనూ కేకలు మళ్లీ లేచాయి, నాగరాజ్ మళ్లీ గీత మీదికొచ్చాడు. ఈసారి గొంతు తగ్గించి, కొడుకు దగ్గరికొచ్చినప్పుడు మాత్రమే వినపడేటట్టు మాట్లాడాడు.

"అందరి ముందర ఏడ్సినావు కదరా. నా పరువు తీసినావు. వాని కోసమే నిన్ను కొట్టినారు. ఇంకో తూరి వాడు నిన్ను దాటిపోయినాడంటే ఇంటికి రావాకు."

మంజునాథ్ తల ఊపాడు. కన్నీళ్లు ఆరిన చారలు ముఖాన అలాగే ఉన్నాయి. వాడికి భద్ర మీద ఏ పగా లేదు. వాడికి ఇంటికి పోవాలని ఉంది.

భద్ర మళ్లీ ఎడమ పక్క నుంచి వచ్చాడు. మంజునాథ్ బంతి వైపు చూడలేదు. కళ్లు మూసుకుని, ఒంట్లో ఉన్న బరువంతా పెట్టి, రెండు కాళ్లూ ముందుకు చాపి జారాడు. ఆ చప్పుడు గీత దగ్గర ఉన్నవాళ్లకు వినపడింది. ఎండుకట్టె విరిగినట్టు, చిన్న చప్పుడు. భద్ర అరవలేదు. పడినవాడు పడినట్టే ఉన్నాడు. మహిమ ఈల వేయడం మరిచిపోయి పరుగెత్తింది. బాలస్వామి పరుగెత్తాడు. మహేశ్వరి మాత్రం, బిడ్డ తల మీద ఒట్టు వేయించిన తన చేతినే చూసుకుంటూ నిలబడింది. జరిగింది ఒక తండ్రి మాట విన్న కొడుకు చేసిన పని. అది ఆ క్షణంలో ఆమెకు ఎవరు చెప్పినా ఎక్కదు.

గోడ అవతల కూర్చున్న సోమన్నకు లోపలిదేమీ కనపడదు. అతనికి అరుపులు వినపడుతూ ఉన్నాయి, ఒక్కసారిగా ఆగిపోయాయి. బండలాగుడులో జనం ఎప్పుడు అలా ఆగిపోతారో అతనికి బాగా తెలుసు. జతలో ఒకటి కూలబడినప్పుడు మాత్రమే. అతను లేచాడు. తువ్వాలు కింద పడింది. గేటు ఊచలు పట్టుకున్నాడు.

"నన్ను లోపలికి ఇడ్సు సార్. పిల్లోడు పడినాడు."

కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. "ఏ పిల్లోడు?"

"నా కొడుకు సార్. నా కొడుకు."

కానిస్టేబుల్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. పెద్దవాడు, పిల్లలున్నవాడు. గొంతులో కోపం లేదు.

"అందరి ముందర కాదంటివి కదప్పా. ఇంటోళ్లయితేనే లోపలికి. పక్కకు జరుగు, ఆంబులెన్స్ రావల్ల."

సోమన్న పక్కకు జరిగాడు.